డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు.. మీ దరఖాస్తు ఏ క్యూలో చిక్కుకుంది?

మీరు ఇబ్రహీంపట్నంలో ఉంటారనుకోండి. ఇంట్లో పిల్లల స్కాలర్‌షిప్‌కు ఈ వారమే గడువు. ఆదాయ ధ్రువపత్రం కోసం రాత్రి తొమ్మిదింటికి ఆన్‌లైన్‌లో ఫారం నింపారు, రుసుము కట్టారు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చేసింది. స్క్రీన్ మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి 'ప్రాసెసింగ్' అన్న మాట కనిపించి ఆగిపోయింది.

ఇప్పుడేం చేయాలి? మళ్లీ కట్టాలా? ఆగాలా? పొద్దున్నే మీసేవ కేంద్రానికి పరుగెత్తాలా?

సూటిగా చెప్పాలంటే మళ్లీ కట్టొద్దు. ముందు పాత దరఖాస్తు స్థితి చూసుకోండి. ఎందుకో అర్థం కావాలంటే ఆ చక్రం వెనక ఏం జరుగుతుందో తెలియాలి. దాన్నే సాఫ్ట్‌వేర్ వాళ్లు 'బ్యాక్‌గ్రౌండ్ టాస్క్ క్యూ' అంటారు.

టిఫిన్ సెంటర్ లెక్కే!

చౌరస్తాలో టిఫిన్ సెంటర్‌కు వెళ్తారు. క్యాష్ కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకుంటారు. ఆ టోకెన్ లోపలి కౌంటర్‌లో ఇస్తే దాన్ని ఊచకు గుచ్చుతారు. పెనం దగ్గరున్న మాస్టర్ వరసగా ఒక్కో టోకెన్ తీసుకుని దోశ వేస్తాడు. క్యాష్ కౌంటర్‌లో ఉన్నాయనే దోశ కూడా వేయాలంటే? మీ వెనక పదిమంది నిలబడిపోతారు.

వెబ్‌సైట్‌లోనూ అంతే. మీ ఫోన్‌తో మాట్లాడే వెబ్ సర్వర్ క్యాష్ కౌంటర్ లాంటిది. టోకెన్లు గుచ్చే ఊచను 'బ్రోకర్' అంటారు. దోశ మాస్టర్ పేరు 'వర్కర్'. ఎస్సెమ్మెస్ పంపడం, రసీదు పీడీఎఫ్ తయారు చేయడం, బ్యాంకు నుంచి చెల్లింపు ఖరారు చేసుకోవడం, అప్‌లోడ్ చేసిన ఫొటో సైజు తగ్గించడం.. ఇలా సమయం పట్టే పనులన్నీ వర్కర్లకు అప్పగిస్తారు.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుంది? పైథాన్ వెబ్‌సైట్లను నడపడానికి ఎక్కువగా వాడే గునికార్న్ అనే సర్వర్‌నే చూడండి. మామూలు అమరికలో దాని ప్రాసెస్ ఒకే పనిలో ఇరుక్కుని 30 సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, దాన్ని ఆపేసి కొత్తది మొదలుపెడతారు. పీడీఎఫ్ తయారీకి 40 సెకన్లు పడితే పని మధ్యలోనే తెగిపోతుంది. మీకు ఎర్రర్ పేజీ కనిపిస్తుంది. మీ డబ్బు మాత్రం అప్పటికే బ్యాంకు దాటి ఉంటుంది.

ఒకటి కాదు, మూడు క్యూలు

'పెండింగ్' అని కనిపించగానే సర్వర్‌నే తిట్టుకుంటాం. నిజానికి మీ దరఖాస్తు మూడు వేర్వేరు వరసల్లో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు.

మొదటిది చెల్లింపు వరస. మీ బ్యాంకు డబ్బు తీసుకుంది. ఆ సంగతి పోర్టల్‌కు ఇంకా చేరలేదు.

రెండోది యంత్రం వరస. చెల్లింపు ఖరారైంది. రసీదు, ఎస్సెమ్మెస్ ఇంకా వర్కర్ చేతికి రాలేదు.

మూడోది మనిషి వరస. దరఖాస్తు తహసీల్దార్ కార్యాలయానికి చేరింది. విచారణ, సంతకం మిగిలాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మీసేవ మొదలైనప్పుడే సేవలను రెండు రకాలుగా విడదీశారు. దస్త్రాల్లో ఉన్న వివరాలను తీసి కౌంటర్‌లో 15 నిమిషాల్లో చేతికిచ్చేవి 'ఎ' కేటగిరీ. అధికారి పరిశీలించి ఆమోదించాల్సినవి 'బి' కేటగిరీ. వాటికి పౌరసేవల పట్టికలో రోజుల గడువు ఉంటుంది. తహసీల్దార్ ఆమోదించాల్సిన ఆదాయ ధ్రువపత్రం రెండో రకానిది. అంటే ఎంత వేగమైన సర్వర్ పెట్టినా మూడో వరస తరగదు. అలాగే మొదటి రెండు వరసల్లో చిక్కుకున్న దరఖాస్తు గురించి తహసీల్దార్ కార్యాలయంలో అడిగినా లాభం లేదు. అది అక్కడికి చేరి ఉండదు కదా!

టోకెన్ ఎలా పోతుంది?

ఏ సర్కారీ పోర్టల్ ఏ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుందన్నది పక్కన పెడదాం. క్యూ పద్ధతి అన్నిచోట్లా ఒకటే. పైథాన్‌లో జాంగో, ఫ్లాస్క్‌లతో కట్టిన సైట్లలో ఈ పనికి ఎక్కువగా వాడేది 2009లో మొదలైన 'సెలరీ'. దానికి బ్రోకర్‌గా రెడిస్‌ను గానీ ర్యాబిట్‌ఎంక్యూను గానీ పెడతారు. 2025 డిసెంబర్‌లో వచ్చిన జాంగో 6.0లో టాస్కుల ఏర్పాటు సొంతంగానే ఉంది. అయితే దాంతోపాటు వచ్చే బ్యాకెండ్లు తయారీకి, పరీక్షకు మాత్రమే. అసలు పని చేసే వర్కర్‌ను విడిగా తెచ్చుకోవాల్సిందే.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇలాంటి పోర్టల్ కట్టే విద్యార్థులు మీ ఇంట్లోనే ఉండొచ్చు. కింద చెప్పే అమరికలు వాళ్లకు పనికొస్తాయి. మిగతావారికి తమ డబ్బు ఎక్కడ తప్పిపోతుందో తెలుస్తుంది.

1. లెక్క రాశాకే టోకెన్: దరఖాస్తు వివరాలు డేటాబేస్‌లో పూర్తిగా నమోదు కాకముందే టోకెన్ వెళ్లిపోతే వర్కర్ వెతుకుతాడు, 'ఇలాంటి దరఖాస్తే లేదు' అంటాడు. జాంగోలో 'ఆన్ కమిట్' అనే ఏర్పాటు వాడితే నమోదు ఖాయమయ్యాకే టోకెన్ బయల్దేరుతుంది.

2. పని అయ్యాకే టోకెన్ చింపాలి: సెలరీ మామూలుగా పని మొదలుపెట్టే ముందే 'అందింది' అని బ్రోకర్‌కు చెప్పేస్తుంది. మాస్టర్ టోకెన్ చింపేసి పిండి పోయబోతుండగా కరెంటు పోయిందనుకోండి. టోకెనూ లేదు, దోశా లేదు. 'అక్స్ లేట్' అనే అమరిక పెడితే పని పూర్తయ్యాకే ఆ మాట చెబుతుంది. వర్కర్ ప్రాసెస్ హఠాత్తుగా చనిపోయినా టోకెన్ తిరిగి క్యూలోకి రావాలంటే 'రిజెక్ట్ ఆన్ వర్కర్ లాస్ట్' అమరికనూ ఆన్ చేయాలి.

3. రెండుసార్లు చేసినా ఒక్కటే ఫలితం: పైన చెప్పిన జాగ్రత్త తీసుకుంటే ఒకే టోకెన్ రెండుసార్లు నడిచే అవకాశం ఉంటుంది. బ్రోకర్ రెడిస్ అయితే మరో మెలిక ఉంది. గంటలోగా 'పని అయింది' అన్న కబురు రాకపోతే అదే టోకెన్ ఇంకో వర్కర్‌కు ఇస్తుంది. అందుకే డబ్బుతో ముడిపడిన ప్రతి పనికీ ముందు 'ఈ దరఖాస్తు నంబరుకు ఇది అప్పటికే జరిగిందా?' అని చూసే తనిఖీ ఉండాలి. ఇది లేని చోటే ఒకే రసీదు రెండుసార్లు రావడం, ఒకే రుసుము రెండుసార్లు పడటం జరుగుతుంది.

4. మళ్లీ ప్రయత్నించాలి, కానీ మర్యాదగా: బ్యాంకు సర్వర్ పలకకపోతే కాసేపాగి మళ్లీ అడగాలి. సెలరీలో 'రిట్రై' పెట్టినప్పుడు మామూలు లెక్క 3 నిమిషాలకోసారి, మొత్తం 3 సార్లు. ఆ తర్వాత వదిలేస్తుంది. ఈ ఎడాన్ని 1, 2, 4, 8 సెకన్లుగా పెంచుకుంటూ పోవచ్చు. అందులో కొంచెం హెచ్చుతగ్గులు కలపడం మంచిది. లేదంటే వేల టోకెన్లు ఒకే క్షణంలో వెళ్లి, అప్పుడే లేచిన బ్యాంకు సర్వర్‌ను మళ్లీ పడగొడతాయి.

5. సమయానికి హద్దు: సెలరీలో ఒక పని ఎంతసేపు నడవొచ్చన్న దానికి మామూలుగా పరిమితే లేదు. పలకని సర్వర్ కోసం ఎదురుచూస్తూ ఒక్కో వర్కరూ బిగుసుకుపోతే మొత్తం క్యూ ఆగుతుంది. ప్రతి పనికీ గడువు రాయాలి.

6. చేతిలో పోగేసుకోవద్దు: ఒక్కో వర్కర్ ప్రాసెస్‌కు మామూలుగా నాలుగేసి టోకెన్లు ముందే తెచ్చిపెట్టుకుంటుంది. చిన్న పనులకు ఇది మేలు. పని పెద్దదైతే పక్కవాడు ఖాళీగా ఉన్నా ఈ నాలుగూ ఇక్కడే ఎదురుచూస్తాయి. అలాంటి చోట 'ప్రీఫెచ్' ఒకటికి తగ్గించాలి.

7. టోకెన్ మీద నంబరే ఉండాలి: ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఫొటో టోకెన్‌లో పెట్టి పంపొద్దు. దరఖాస్తు నంబరు ఒక్కటి చాలు. మిగతాది వర్కరే డేటాబేస్ నుంచి తీసుకుంటాడు. క్యూ ఎవరి కంటనైనా పడినా మీ వివరాలు బయటికి పోవు.

8. ఊచ విరిగితే?: రెడిస్ టోకెన్లను మెమరీలో పెట్టుకుంటుంది. ప్రతి మార్పునూ డిస్కు మీద రాసుకునే 'ఏఓఎఫ్' ఏర్పాటు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయకపోతే సర్వర్ హఠాత్తుగా ఆగినప్పుడు చివరగా వచ్చిన టోకెన్లు గల్లంతవుతాయి.

ఓటీపీకి వేరే వరస ఎందుకు?

2021 ఏప్రిల్ 28 గుర్తుందా? 18 ఏళ్లు దాటినవారికి కోవిన్‌లో టీకా రిజిస్ట్రేషన్ సాయంత్రం 4 గంటలకు తెరిచారు. తెరిచిన కాసేపటికే చాలామందికి సైట్ తెరుచుకోలేదు, ఓటీపీ రాలేదు. ఆ రోజు రిజిస్టర్ అయినవారు కోటికి పైమాటే.

ఓటీపీకి ఆయుష్షు కొద్ది నిమిషాలే. నెల నివేదికల పీడీఎఫ్‌లు, పండగ శుభాకాంక్షల ఎస్సెమ్మెస్‌లు ఉన్న వరసలోనే ఓటీపీనీ నిలబెడితే, దాని వంతు వచ్చేసరికి అది చెల్లదు. మీరు 'రీసెండ్' నొక్కుతారు. క్యూలోకి ఇంకో టోకెన్ చేరుతుంది. వరస ఇంకా పెరుగుతుంది. అందుకే ఓటీపీకి, చెల్లింపులకు, నివేదికలకు వేర్వేరు క్యూలు, వేర్వేరు వర్కర్లు పెట్టాలి. గడువు దాటిన ఓటీపీని పంపకుండా పారేసే అమరిక కూడా ఉండాలి.

ఎంతమంది మాస్టర్లు కావాలి?

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక్కో రసీదుకు 6 సెకన్లు పడుతుంది, వర్కర్లు నలుగురు. అంటే నిమిషానికి 40 రసీదులు. గడువు రోజు సాయంత్రం నిమిషానికి 60 దరఖాస్తులు వస్తున్నాయి. నిమిషానికి 20 మిగిలిపోతాయి. గంటలో 1,200 పోగవుతాయి. ఆ తర్వాత కొత్తవి ఒక్కటీ రాకపోయినా, అవి తీరడానికి అరగంట పడుతుంది. సాయంత్రం 7 నుంచి 8 దాకా ఇలా సాగితే చివర్లో కట్టినాయనకు రసీదు ఎనిమిదిన్నరకు వస్తుంది. ఇద్దరు వర్కర్లను ముందే పెంచి ఉంటే వరసే ఉండేది కాదు. క్యూ పొడవును నిత్యం గమనిస్తూ, హద్దు దాటగానే సిబ్బందికి హెచ్చరిక వెళ్లే ఏర్పాటు ఉండాలని చెప్పేది ఇందుకే.

మరి మీరేం చేయాలి?

ముందుగా దరఖాస్తు నంబరు, బ్యాంకు మెసేజ్‌లోని యూటీఆర్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేజీని రిఫ్రెష్ చేయొద్దు, వెనక్కి వెళ్లి మళ్లీ కట్టొద్దు. అరగంట తర్వాత దరఖాస్తు స్థితి చూడండి.

'చెల్లింపు కాలేదు' అని ఉంటే మీది మొదటి వరస. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐతో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి అవతలివారికి ఖరారు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో అది దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ రూ.100 పరిహారం. మీరు అడగకపోయినా ఇవ్వాలి. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టినా ఇదే గడువు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. వివరాలకు ఫోన్ నంబరు 14448.

'చెల్లింపు అయింది' అని ఉండి రసీదు లేకపోతే మీది రెండో వరస. ఇది బ్యాంకు తప్పు కాదు. పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కే రెండు నంబర్లూ చెప్పి అడగాలి.

'అధికారి పరిశీలనలో' అని ఉంటే మూడో వరస. పౌరసేవల గడువు దాటేదాకా ఆగండి. దాటితే తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు నంబరుతో అడగండి. అక్కడా తేలకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. రంగారెడ్డి కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్‌లోనే ఉంది.

గడువు దగ్గర పడిందని రాత్రి పూట రెండోసారి కట్టినంత మాత్రాన పని తొందరగా జరగదు. రెండో టోకెన్ వెళ్లి మొదటి టోకెన్ వెనకే నిలబడుతుంది. అందుకే గడువుకు కనీసం వారం ముందే దరఖాస్తు చేసుకోండి. మొదటి రెండు వరసలు ఎంత వేగంగా కదిలినా, మూడో వరసకు ఆ రోజులు కావాలి.