చెప్పుల షాపు గోడమీద ఎథెల్ బారిమోర్

నాటకం టిక్కెట్టు కోసం వెళ్ళి డఫీ స్క్వేర్‌లో నిలబడ్డాను. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌కి ఉత్తరపు కొసన, 46, 47 వీధుల మధ్య, బ్రాడ్వే, ఏడో ఎవెన్యూ విడిపోయేచోట మిగిలిన చిన్న త్రికోణం అది. తగ్గింపు ధరకి టిక్కెట్లమ్మే కిటికీలు 1973 నుంచీ అక్కడే ఉన్నాయి. వాటి నెత్తిన 2008లో కట్టిన ఎర్ర గాజుమెట్ల మీద జనం కూచుని ఫోటోలు దిగుతున్నారు. కళ్ళు జిగేలుమనిపించే ఆ ప్రకటనల మధ్య ఇదొక స్మారకస్థలమని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది.

విగ్రహాలు రెండు. రెండూ మగవాళ్ళవే. (విగ్రహాలు కనబడగానే అందులో ఆడవాళ్ళెందరని లెక్కపెట్టడం ట్యాంక్‌బండ్ మీద నాకంటుకున్న జబ్బు. అక్కడ కనీసం రుద్రమ, మొల్ల ఉన్నారు.) ఒకటి ఫాదర్ డఫీది. మొదటి ప్రపంచయుద్ధంలో న్యూయార్క్ 69వ రెజిమెంటుతో వెళ్ళిన కేథలిక్ మతాధికారి. రాతి శిలువ ముందు సైనిక దుస్తుల్లో ఉంటాడు. 1937లో విగ్రహం పెట్టారు, 1939లో స్థలానికి ఆయన పేరు పెట్టారు. రెండోది జార్జ్ ఎం. కోహన్‌ది, 1959 నాటిది. నటుడు, రచయిత, పాటలు కట్టినవాడు, నిర్మాత. టోపీ, చేతికర్రా పట్టుకుని బ్రాడ్వేకి ఇంటి యజమానిలా నిలబడ్డాడు.

యజమాని అన్నమాట ఊరికే అనలేదు. 1919 ఆగస్టు 7న అమెరికా నటులు మొదటిసారి సమ్మెకి దిగారు. రిహార్సల్స్ వారాల తరబడి సాగినా జీతం ఉండేది కాదు. ప్రదర్శన మధ్యలో మూతపడితే ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో దిక్కులేకుండా మిగలాల్సిందే. అందరికంటే అడుగున ఉన్నది కోరస్ అమ్మాయిలు. వాళ్ళు వేసుకునే మేజోళ్ళు, చెప్పులు కూడా చాలాచోట్ల వాళ్ళే కొనుక్కోవాలి. అసలు నటుల సంఘం ఈక్విటీ వాళ్ళని అంతవరకూ సభ్యులుగానే లెక్కెయ్యలేదు. సమ్మె మొదలైన కొద్దిరోజులకి కోరస్ ఈక్విటీ విడిగా ఏర్పడింది. దానికి హాస్యనటి మేరీ డ్రెస్లర్ అధ్యక్షురాలు. ఆమే ఒకప్పుడు కోరస్‌లోంచి వచ్చిన మనిషి.

పెద్ద తారల్లో ఎథెల్ బారిమోర్ బాహాటంగా సమ్మె పక్షాన నిలబడింది. సమ్మె నిధి కోసం వేసిన ప్రదర్శనల్లో నటించింది. కోహన్ యాజమాన్యాల పక్షం పట్టాడు. పోటీ సంఘానికి అండగా నిలిచాడు. ముప్ఫై రోజుల్లో ఎనిమిది నగరాలకి పాకి, 37 నాటకాలు మూయించి, మరో 16 మొదలుకాకుండా ఆపిన ఆ సమ్మె సెప్టెంబర్ 6న గెలుపుతో ముగిసింది. కోరస్‌కి కనీస వేతనం వచ్చింది. మేజోళ్ళు, చెప్పుల ఖర్చు యాజమాన్యాల మీద పడింది. కోహన్ మాత్రం 1942లో చనిపోయేదాకా ఈక్విటీలో చేరలేదు.

మరి గెలిచినవాళ్ళెక్కడ? రోడ్డు దాటి, 46వ వీధి మలుపులో ఉన్న పాత భవనం గోడకేసి తలెత్తి చూడాలి. ఒకప్పుడు ఐ. మిల్లర్ అనే చెప్పుల కంపెనీ షాపది. నాటకాలవాళ్ళకి చెప్పులు కుట్టి పైకొచ్చిన కంపెనీ. ప్రజలకి ఇష్టమైన నటీమణులెవరో ఓట్లు వేయించి, నలుగురిని ఎంచి, స్టర్లింగ్ కాల్డర్ చేత పాలరాతి విగ్రహాలు చెక్కించి 1929లో గూళ్ళలో పెట్టారు. రంగస్థలం వాళ్ళ చెప్పుల షాపు అని అర్థం వచ్చే అక్షరాలు పైన చెక్కి ఉన్నాయి. ఎథెల్ బారిమోర్, మెర్లిన్ మిల్లర్, రోజా పోన్సెల్, మేరీ పిక్‌ఫోర్డ్. నలుగురూ పాత్రల వేషాల్లోనే ఉన్నారు. పిక్‌ఫోర్డ్ అయితే మగపిల్లాడి వేషం, లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్! కోహన్ కోహన్‌గానే నిలబడ్డాడు. యాజమాన్యాలతో తలపడ్డ బారిమోర్ ఒఫీలియా అయింది. మతి చలించి నీళ్ళలో మునిగిపోయే పిల్ల.

కాదనను, 1928లో 47వ వీధిలో బారిమోర్ పేర థియేటరు వెలిసింది. అదే వీధిలో మరో థియేటరుకి 2022లో లీనా హోర్న్ పేరు పెట్టారు. బ్రాడ్వేలో ఒక నల్లజాతి స్త్రీ పేరు మోసిన మొదటి థియేటరు అది. 2025లో ఇక్కడే థామస్ జె. ప్రైస్ చేసిన పన్నెండడుగుల కంచు విగ్రహం, నడుముకి చేతులు ఆనించుకున్న ఓ మామూలు నల్లజాతి స్త్రీ, కొన్ని వారాలు నిలబడింది. ఏ ఘనకార్యమూ చెయ్యని ఆడమనిషి అంత ఎత్తున ఉండటం చాలామందికి మింగుడుపడలేదు. తర్వాత తీసేశారు, తాత్కాలికంగా పెట్టిందే కాబట్టి.

కోరస్ అమ్మాయిలకి మాత్రం గూడూ లేదు, దిమ్మా లేదు.

టిక్కెట్టు దొరికింది. బాల్కనీలో బాగా వెనక సీటు. సంగీతనాటకం. కథ సగమే తలకెక్కింది. వెనక వరసలో ఆడుతున్న అమ్మాయిల కాళ్ళకేసే చూస్తూ కూచున్నాను.