పందెము, పోషకుడు, పద్దు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల, అలంపురము ప్రాంతమునకు నడిగడ్డ యని పేరు. ఆ సీమ జాతరలలో ఎడ్ల బండలాగుడు పందెమును చూచినవారు ఒక సంగతిని గమనించియే యుందురు. ఎడ్ల మెడపై కాడి పెట్టకమునుపే దాతల పేర్లు మైకులో వినవచ్చును. మొదటి బహుమతి ఈ యూరి రైతు ఇచ్చుచున్నాడనియు, రెండవది ఆ యూరి ఎరువుల దుకాణమువారు ఇచ్చుచున్నారనియు, సొమ్ము ఇంత యనియు అందరి యెదుట చాటుదురు. పందెము ముగిసిన పిమ్మట దాత బరిలోనికి వచ్చి, గెలిచిన జత యజమాని చేతిలో ఆ సొమ్మును స్వయముగా పెట్టును. దాతకు పేరు వచ్చును. రైతుకు సొమ్ము దక్కును. చూడవచ్చినవారికి వేడుక మిగులును. ఈ లెక్కలో ఎవరికిని సందేహముండదు.

కార్ల పందెములలో ఇట్టి దాతను స్పాన్సరు అందురు. మన మాటలో పోషకుడనవచ్చును. బండలాగుడు బరిలో ఇంత తేటగా నున్న లెక్క కార్ల పందెమునకు వచ్చునప్పటికి ఎందుకు కలగిపోవుచున్నది? 2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పందెమును, దాని వెంట పుట్టిన వివాదమును తలచినప్పుడెల్ల మాకీ ప్రశ్న తోచుచున్నది. సమాధానము కొరకు కొంత వెనుకకు పోవలసి యున్నది. పోషకత్వమనునది ఈ సీమకు క్రొత్త కాదు గనుక, మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములనుండియే మొదలుపెట్టుదుము.

నిజాము రాజ్యమున ఈ భాగమునందు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు వెలసి యుండెను. గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రసిద్ధి కలదు. పండితులు అచ్చటి సభలలో పరీక్షకు నిలిచి, సన్మానములును వార్షికములును పొందెడివారు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వచ్చి అవధాన విద్యను ప్రదర్శించిరి. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా వెలసిన జటప్రోలు సంస్థానమున సురభి మాధవరాయలు తానే కవియై చంద్రికాపరిణయమును రచించెను. ఆ దినములలో పోషకుడెవడో దాపరికము లేదు. దానము సభలో జరిగెడిది. ఇచ్చినవాడు సింహాసనమున కనబడెడివాడు. పుచ్చుకొనినవాడు కృతిలో అతని పేరు చెప్పెడివాడు.

అయినను ఆ కాలమును కేవలము కీర్తించుట న్యాయము కాదు. రాజు ఇచ్చిన శాలువ వెనుక రైతు కట్టిన శిస్తు ఉన్నది. పండితునకు పోషకుడు రాజు. రాజునకు పోషకుడు రైతు. ఆ రెండవ పోషకుని పేరు ఏ కృతిలోను చేరలేదు. దీనికి మరియొక నిదర్శనము వనపర్తి సీమలోని సరళాసాగరము. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట ఆ జలాశయమును తలపెట్టెను. 1949లో పునాది పడి, 1959లో పని ముగిసెను. నీరు హెచ్చినప్పుడు మనిషి చేయి పడకయే సైఫనులు తమంత తాము నీటిని వదలునట్టి ఏర్పాటు దాని విశేషము. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినది. అప్పటికి సంస్థానము పోయి డెబ్బది యేండ్లయినది. కట్టను మరల నిలిపిన సొమ్ము ప్రజలది. పేరు మాత్రము నేటికిని సరళాదేవిదే. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. ఆ జలాశయపు నీరు పొలములకు పారుచునే వచ్చినది. కాని పోషకుడు తొలగిన పిదప భారము ఎవరి మీద పడునో ఈ కట్ట మనకు చెప్పుచున్నది.

ఇక కార్ల పందెముల సంగతి. ఐరోపాలో చాలకాలము వరకు పందెపు కారు తన దేశపు రంగు వేసికొని పరుగిడెడిది. ఆంగ్లేయులది ఆకుపచ్చ, ఇటలీవారిది ఎరుపు, ఫ్రాన్సువారిది నీలము. కారు మీద వ్యాపారుల పేర్లు వ్రాయుటకు ఆటంకములుండెను. ఇంధనము, టైర్లు అమ్ము కంపెనీలు సాయము తగ్గించుకొనుచుండగా ఖర్చులు పెరిగి, 1968లో ఆ ఆటంకములు సడలినవి. ఆ యేడే ఇంగ్లండునకు చెందిన లోటస్ జట్టు తన ఆకుపచ్చ రంగును విడిచి, గోల్డ్ లీఫ్ సిగరెట్టు పెట్టె రంగులైన ఎరుపు, తెలుపు, బంగారు రంగులను ధరించినది. దేశపు రంగు పోయి కంపెనీ రంగు వచ్చుట కార్ల పందెముల చరిత్రలో పెద్ద మలుపు.

దానితో తగవులును మొదలైనవి. 1976లో జాన్ సర్టీస్ జట్టు కారుపై డ్యూరెక్స్ నిరోధుల ప్రకటన ఉండుట చూచి, బి.బి.సి. పందెములను టెలివిజనులో చూపుటకు నిరాకరించినది. ఇల్లిల్లును చూచు సాధనములో ఏ పేరు కనబడవచ్చును, ఏది కనబడరాదు అను ప్రశ్న అప్పుడు బహిరంగముగా లేచినది. సిగరెట్టు కంపెనీల పేర్లు మాత్రము ఆ పిమ్మటను చాలకాలము సాగినవి.

1997లో ఆ ప్రశ్న రాజకీయము వైపు మళ్ళినది. పొగాకు ప్రకటనలను నిషేధింతుమని చెప్పి అధికారమునకు వచ్చిన బ్రిటిష్ లేబరు ప్రభుత్వము, ఫార్ములా వన్ పందెములకు మాత్రము మినహాయింపు కోరినది. అంతలో ఆ పందెముల అధిపతి బెర్నీ ఎక్లస్టోన్ ఎన్నికలకు ముందు ఆ పార్టీకి 10 లక్షల పౌండ్ల విరాళమిచ్చిన సంగతి బయటపడినది. రెంటికిని సంబంధము లేదని ప్రధాని టోనీ బ్లేర్ చెప్పెను. వ్యవహారమును నడపిన తీరునకు క్షమాపణ కోరెను. పార్టీ విరాళమును తిరిగి ఇచ్చివేసినది. ఐరోపా సమాజమున క్రీడలకు పొగాకు పోషకత్వము 2005 జూలై ఆఖరున నిలిచిపోయినది. మన దేశమున 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను, అట్టి పోషకత్వమును నిషేధించినది.

మన దేశము ఈ పందెములను కోరుకొనుట కూడ ఆ సంవత్సరములలోనే మొదలైనది. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫార్ములా వన్‌ను హైదరాబాదునకు తేదలచి, నగర శివారున గోపన్‌పల్లి వద్ద బరి కట్టవలెనని యోచించినది. 2004 ఎన్నికలలో ప్రభుత్వము మారి ఆ యోచన నిలిచిపోయినది. తుదకు ఢిల్లీ చేరువ గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు సంస్థ బుద్ధ సర్క్యూట్‌ను కట్టగా, 2011, 2012, 2013 సంవత్సరములలో మూడు పందెములు జరిగినవి. పన్నుల తగవుల నడుమ అవియు ఆగిపోయినవి. ఇది ఆటయా, వినోదమా యనునదియే అచ్చటి ప్రధాన వివాదము. ఆటయైన ఒక పన్ను, వినోదమైన మరియొక పన్ను.

ఫార్ములా-ఈ యనునది విద్యుత్తు కార్ల పందెము. 2014లో బీజింగులో మొదలైనది. దీనికి ప్రత్యేకమైన బరి కట్టరు. చాలచోట్ల నగర వీధులనే కొన్నాళ్ళు మూసి బరిగా మార్చుదురు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోవు శక్తిని కారు తిరిగి తన బ్యాటరీలో నింపుకొనును. ఆతిథ్యమిచ్చు నగరము తరఫున ఎవరో ఒకరు నిర్వాహక సంస్థకు రుసుము చెల్లింపవలెను. 2022 అక్టోబరు 25న తెలంగాణ పురపాలక శాఖ, ఫార్ములా-ఈ సంస్థ, గ్రీన్‌కో వర్గమునకు చెందిన ఏస్ నెక్స్ట్ జెన్ సంస్థ కలిసి ఒప్పందము చేసికొన్నవి. రోడ్లు, ఏర్పాట్లు ప్రభుత్వమువి. పందెపు రుసుము భారము ప్రైవేటు సంస్థది. గ్రీన్‌కో హైదరాబాదు కేంద్రముగా గల విద్యుత్ సంస్థ. తుంగభద్రకు ఆవల కర్నూలు నంద్యాల సీమలోని పిన్నాపురమున నీటిని పైకెత్తి విద్యుత్తును నిలువచేయు పెద్ద పథకము వారిదే. విద్యుత్తును అమ్మువారు విద్యుత్తు కార్ల పందెమును పోషించుట సహజమే.

2023 ఫిబ్రవరి 11న గ్రీన్‌కో పేరనే పందెము జరిగినది. సచివాలయము, లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. మార్గము చుట్టి వచ్చు 2.8 కిలోమీటర్ల పైచిలుకు దారిలో 11 జట్ల 22 కార్లు పరుగెత్తినవి. ఫ్రాన్సు దేశీయుడు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచెను. నగరము పేరు పలు దేశముల తెరలపై కనబడినది. చుట్టుప్రక్కల రోడ్లు మూతపడి నగరవాసులు ఇక్కట్లకును గురియైరి. దీనివలన నగరమునకు 700 కోట్ల రూపాయల మేరకు మేలు కలిగినదని నాటి పాలకపక్షము చెప్పినది.

మరుసటి యేటి పందెమునకు వచ్చునప్పటికి ప్రైవేటు పోషకుడు తప్పుకొనెను. కథ మలుపు తిరిగినది ఇచ్చటనే. పోవు పోషకుని స్థానమున హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ నిలిచినది. 2023 అక్టోబరులో ఆ సంస్థనుండి విదేశములకు రుసుము పోయినది. పన్నులు మున్నగునవి కలుపుకొని సుమారు 55 కోట్ల రూపాయలు. ప్రభుత్వమునకును ఫార్ములా-ఈ సంస్థకును క్రొత్త ఒప్పందము అక్టోబరు 30న జరిగినది. అక్టోబరు 9ననే శాసనసభ ఎన్నికల ప్రకటన వెలువడి యున్నది. డిసెంబరులో ప్రభుత్వము మారినది. 2024 ఫిబ్రవరి 10న జరుగవలసిన పందెము రద్దయినట్లు ఫార్ములా-ఈ జనవరి 5న ప్రకటించి, ఒప్పందమును తెలంగాణ పక్షమే భంగపరచినదని చెప్పినది. సొమ్ము పోయినది, పందెము జరుగలేదు.

2024 డిసెంబరు 19న అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసినది. నాటి పురపాలక మంత్రి కె. తారక రామారావును, మరి ఇద్దరు అధికారులను నిందితులుగా చేర్చినది. మంత్రివర్గపు ఆమోదము, ఆర్థిక శాఖ అనుమతి, రిజర్వు బ్యాంకు అనుమతి లేకయే విదేశీ ద్రవ్యము చెల్లించిరన్నది ఆరోపణ. నగరమునకు పేరు తెచ్చుటకే చేసితిమనియు, సొమ్ము బ్యాంకు ద్వారా బహిరంగముగా పోయినదనియు, స్వలాభము ఏమియు లేదనియు మాజీ మంత్రి చెప్పెను. గ్రీన్‌కో వర్గము 2022లో నాటి పాలకపక్షమునకు 41 కోట్ల రూపాయల ఎన్నికల బాండ్లు ఇచ్చినదని 2025 జనవరిలో క్రొత్త ప్రభుత్వము వెల్లడించినది. వానికిని పందెమునకును ముడిపెట్టుట తగదనియు, ఆ సంస్థ ఇతర పార్టీలకును ఇచ్చినదనియు అవతలి పక్షము బదులు చెప్పినది. దాత పేరు జనులకు తెలియనీయని ఆ బాండ్ల పద్ధతినే సుప్రీము కోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసి యుండెను.

ఎవరు దోషులో, ఎవరు కారో చెప్పుట న్యాయస్థానముల పని. మా పని కాదు. కాని తీర్పు ఎటు వచ్చినను పౌరునకు మిగులు పాఠము ఒకటి కలదని మా విశ్వాసము. సిగరెట్టు కంపెనీయైనను, విద్యుత్ కంపెనీయైనను, పోషకుడు వ్యాపారి. లాభమున్నంతవరకు నిలుచును, లేనినాడు లేచిపోవును. అది అతని హక్కు. అతడు లేచిపోయిన నాడు ఆ ఖాళీ పీటపై ప్రజల సొమ్మును కూర్చుండబెట్టుటకు ఎవరి అనుమతి కావలెను? ఈ ప్రశ్నకు జవాబు తొలి ఒప్పందములోనే వ్రాసి, అందరికిని చదివి వినిపించి యుండవలెను. అట్లే ప్రభుత్వముతో పనులున్న కంపెనీ ఒక చేత పందెమునకు, మరియొక చేత పార్టీకి ఇచ్చినప్పుడు ఆ రెండు చేతులును జనులకు ఒక్కమారే కనబడవలెను. లండనులో 1997లో జరిగిన రభస చెప్పినదియు ఇదే. అక్కడ సంబంధమున్నదని రుజువు కాలేదు. ముందుగా చెప్పకపోవుటయే అనుమానమునకు చాలినది.

మోటారు పందెములు మనకు వలదని మేమనుట లేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆ దినమున పొగ లేక పరుగెత్తిన కార్లను చూచి మురిసిన పిల్లలలో రేపటి ఇంజనీర్లు ఉండవచ్చును. వేడుక కావలెను, వేడుకకు పోషకుడును కావలెను. మేము కోరునది నడిగడ్డ జాతరలో మైకు పట్టుకొనినవాడు ప్రతి యేడు చేయుచున్న పనియే. ఎడ్లు బండను కదలింపకముందే సొమ్ము ఎవరిదో, ఎంతయో అతడు ఊరికి చెప్పును. మాట ఇచ్చిన దాత రాకపోయినచో అదియు చెప్పి, బహుమతికి ఏమి చేయుదమని ఊరినే అడుగును.