ఆల్చిప్పల నేల, ఏప్రిల్ మంచు: షాబ్లీ కథ

ఫ్రాన్సులో వైన్ సీసా మీద చాలాచోట్ల ద్రాక్ష రకం పేరు కనబడదు, ఊరి పేరే ఉంటుంది. అల్సాస్ ప్రాంతం ఇందుకు మినహాయింపు. బోర్డో, సాన్సేర్, షాంపేన్ అన్నీ ముందు చోట్లు, ఆ తర్వాతే వైన్లు. పుల్లపుల్లగా, నాలుక మీద చురుక్కుమనే వైట్ వైన్‌కి పేరుపడ్డ షాబ్లీ కూడా పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సెరాన్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉన్న ఊరు. కాగితాల మీద అది బర్గండీదే. కానీ బర్గండీ వైన్ వ్యాపారానికి నడిబొడ్డయిన బోన్ పట్టణం కంటే దానికి షాంపేన్ తోటలే దగ్గర.

ఇక్కడి వైన్ పుట్టుకకు సన్యాసులే మూలం. వైకింగుల దాడులకు తట్టుకోలేక తూర్ నుంచి తరలివచ్చిన సన్యాసులకు, 867లో చార్లెస్ ది బాల్డ్ రాజు షాబ్లీలోని మఠాన్ని ఇచ్చాడు. 1114లో పక్కనే పోంటిన్యీలో సిస్టర్షియన్ శాఖ సన్యాసుల మఠం వెలిసింది. త్వరలోనే వాళ్లూ షాబ్లీలో ద్రాక్షతోటలు సంపాదించారు. వైన్ నిండిన పీపాలు యోన్ నది మీదుగా సేన్ నదిలోకి, అక్కణ్ణుంచి పారిస్‌కి పడవల్లో వెళ్లేవి. రాజధాని దాహమే షాబ్లీకి శతాబ్దాల పాటు అన్నం పెట్టింది.

ఆ అన్నంలో మన్ను పోసింది రైలు. 19వ శతాబ్దంలో పారిస్ నుంచి దక్షిణాదికి పట్టాలు పడగానే, ఎండకు పుష్కలంగా పండే అక్కడి చవక వైన్ రాజధానిని ముంచెత్తింది. వెనకే అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు తీగల వేళ్లు తినేసింది. ఆ పురుగుకు లొంగని అమెరికా తీగల వేళ్ల మీద అంటుకడితే తప్ప తోట నిలవని పరిస్థితి. చాలామంది అంత ఖర్చు భరించలేక తోటలు వదిలేశారు. 1950ల నాటికి షాబ్లీలో మిగిలింది 500 హెక్టార్లకు అటూఇటూ.

మిగిలిన వాళ్లను మంచు వదల్లేదు. ఏప్రిల్‌లో చిగుళ్లు విచ్చుకున్నాక ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆ ఏటి పంటకు నీళ్లొదులుకోవాల్సిందే. దానికి విరుగుడుగా రైతులు సాళ్ల మధ్య నూనె కుంపట్లు వెలిగిస్తారు. వింతగా తోచే ఇంకో ఉపాయమూ ఉంది: చలిరాత్రి తీగల మీద నీళ్లు చల్లడం. నీరు గడ్డకడుతూ వేడిని విడుదల చేస్తుంది, దాంతో చిగురు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అయితే మధ్యలో నీళ్లు ఆపకూడదు, ఆపితే అసలు చల్లకపోవడమే నయం. తెల్లవారేసరికి తోటంతా గాజు తొడుగులో ఉన్నట్టుంటుంది.

షాబ్లీ గురించి రాసే వాళ్లంతా ముందు ఎత్తుకునేది నేల సంగతి. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. ఇప్పటికీ దున్నితే చిటికెనవేలి గోరంత ఆల్చిప్పల శిలాజాలు సున్నపురాయిలో, బంకమట్టిలో బయటపడతాయి. ఈ నేలకు కిమెరిడ్జియన్ అని పేరు, అదే పొర సాన్సేర్ దాకా సాగుతుంది. వైన్‌లోని ఉప్పదనం ఆ చిప్పలదేనంటారు. వినడానికి బాగుంది గానీ, వేళ్లు ఆల్చిప్ప రుచిని పీల్చుకోవు. నేల నీటిని ఎంత నిలుపుతుంది, ఎంత వదులుతుందన్నది ముఖ్యమే. అయినా షాబ్లీ పదునుకు అసలు కారణం చలే అని నా అభిప్రాయం. చలిలో షార్డొనే ద్రాక్ష నిదానంగా పండుతుంది కాబట్టి పులుపు చావదు. ఏటేటా భయపెట్టే చలే వైన్‌కి పేరు తెచ్చింది.

ఆ పేరుకు 1938లో చట్టం కాపలా వచ్చింది: నిర్ణీత హద్దుల్లో పండిన షార్డొనేతో చేస్తేనే షాబ్లీ. ఊరికి ఎదురుగా నైరుతి ముఖంగా ఉన్న గుట్ట మీది ఏడు తోటలకు గ్రాండ్ క్రూ, అంటే అన్నిటికంటే పై హోదా. ఫ్రాన్సు చట్టం అట్లాంటిక్ దాటలేదు. కాలిఫోర్నియాలో ఏ తెల్ల వైన్‌కైనా ఆ పేరు తగిలించేవారు, 'పింక్ షాబ్లీ' కూడా అమ్మారు! అమెరికా, యూరోపియన్ యూనియన్‌ల మధ్య 2006లో కుదిరిన ఒప్పందంతో కొత్తవాళ్లు ఆ పేరు వాడటం ఆగింది, పాత లేబుళ్లకు మాత్రం మినహాయింపు దొరికింది. అందుకే సీసా కొనేవాళ్లు షాబ్లీ అన్న మాటతో ఆగక, ఫ్రాన్సులో తయారైందో లేదో కూడా చూసుకోవాలి.