గచ్చు నుంచి సిరామిక్ టైల్ వరకు: తెలుగు ఇళ్ల నేలలు – పనివాని స్థానం

వ్యాససంగ్రహం:
ఇంటి నేలకు సిరామిక్ టైల్స్ ఎంచుకోవడం, వాటిని పరిచే పనివానిని కుదుర్చుకోవడం నేడు రెండు వేర్వేరు వ్యవహారాలుగా సాగుతున్నాయి. మొదటిది దుకాణంలో రంగు, ధర చూసి తేలుతుంది. రెండవది చదరపు అడుగుకు ఇంత అనే కూలి బేరంతో ముగుస్తుంది. ఈ విభజన ఇటీవలిది. గచ్చు, నాపబండ, సిమెంటు పలక, సిరామిక్ టైల్ అనే నాలుగు దశలను పరిశీలించి, నేల తయారీ కర్మాగారానికి తరలినా దాని మన్నిక పనివాని చేతిలోనే మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గచ్చు, నాపరాయి, సిరామిక్ టైల్, తాపీపని, మేస్త్రి, గృహనిర్మాణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

నేలకు సంబంధించిన పదాలే ఈ చరిత్రకు తొలి ఆధారాలు. 'గచ్చు' అనే మాటకు మూలం సున్నపు పూతను తెలిపే పారసీక పదం. 'మేస్త్రి' పోర్చుగీసు నుంచి వచ్చింది. 'టైల్' లాటిన్‌లో 'కప్పు' అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. అందువల్ల ఆంగ్లంలో ఇంటి కప్పు మీది పెంకుకూ నేల మీది పలకకూ ఒకే మాట ఉంది. తెలుగు వాడుక మాత్రం ఈ రెంటినీ వేరు చేసింది: కప్పు మీదిది పెంకు, నేల మీదిది టైల్. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో కర్మాగారం స్థాపించిన తరువాత వ్యాప్తిలోకి వచ్చిన యంత్రపు పెంకు 'మంగుళూరు పెంకు'గా తెలుగు ఇళ్ల కప్పు మీదికి చేరింది. నేల మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం స్థానిక పదార్థాలతోనే రూపొందింది.

2. గచ్చు, బండ: పని జరిగే చోటే నేల తయారీ

సామాన్యుల ఇళ్లలో నేల మట్టిది. దానిని పేడతో అలికి, ముగ్గు పెట్టడం ఇంటి స్త్రీల నిత్యకృత్యం. కలిగినవారి ఇళ్లలోను, దేవాలయాలలోను సున్నపు గచ్చు ఉండేది. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఆడించేవారు. కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చే పద్ధతి కూడా ఉండేది. పరిచిన మిశ్రమాన్ని పలుమార్లు కొట్టి, నున్నగా రుద్ది గట్టిపరచేవారు. ఇక్కడ కొనుగోలు చేసే వస్తువు సున్నమే తప్ప నేల కాదు. నేల పనివాని చేతిలో ఇంటివద్దనే తయారయ్యేది.

రాతినేలకు తెలుగు ప్రాంతంలో భూగర్భమే అనుకూలించింది. విలియం కింగ్ 1872లో ప్రచురించిన భూగర్భ నివేదిక కడప, కర్నూలు ప్రాంతాల శిలాస్తరాలను వివరించింది. ఆ ప్రాంతపు సున్నపురాయి పొరలు పొరలుగా ఉండటం వల్ల పలకలుగా సులభంగా విడివడుతుంది. బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు, తాండూరు బండలు, పూర్వపు హైదరాబాదు రాజ్యంలోని షాబాదు బండలు ఈ గుణం వల్లనే ఇళ్లకు చేరాయి. అయితే సహజంగా విడివడిన బండ మందం అంతటా సమానంగా ఉండదు. ప్రతి బండ కింద సున్నాన్నో సిమెంటునో ఎక్కువ తక్కువలు చేసి, పైమట్టం ఒకటిగా తేవలసి ఉంటుంది. బండను సరిగా కూర్చోబెట్టడమే ఈ దశలో పనివాని విద్య.

3. యంత్రపు పలక

మెరుగుపూత పూసిన పలక తెలుగు దేశానికి కొత్త కాదు. 1590ల దశాబ్దంలో హైదరాబాదులో కుతుబ్‌షాహీలు నిర్మించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద అది నేటికీ కనిపిస్తుంది. అయితే అది రాజాశ్రయంలో ముక్క ముక్కగా కూర్చిన గోడ అలంకారం. ఇంటి నేలకు తగినంత చౌకగా, సమానంగా పలకను తయారుచేసే పద్ధతి ఇంగ్లండులో రూపొందింది. 1840లో రిచర్డ్ ప్రాసర్ పొడి మట్టిని లోహపు అచ్చులో అదిమే విధానానికి పేటెంటు పొందగా, హెర్బర్ట్ మింటన్ దానిని పలకల తయారీకి వినియోగించాడు. తడిమట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోయి వంకర తిరిగే ఇబ్బంది దీనితో బాగా తగ్గింది. నేటి సిరామిక్ టైల్ తయారీకి కూడా ఈ సూత్రమే ప్రధాన ఆధారం.

భారతదేశంలో మధ్యదశ సిమెంటు పలకది. స్వదేశీ భావన ప్రేరణతో 1922లో బొంబాయిలో ప్రారంభమైన భారత్ ఫ్లోరింగ్స్ ఇందులో ప్రసిద్ధమైనది. సిమెంటు పలకను కొలిమిలో కాల్చరు. అచ్చులో అదిమి, నీటితో గట్టిపడనిస్తారు. కాబట్టి చూడటానికి టైల్ వలె ఉన్నా అది సిరామిక్ కాదు. తరువాత వ్యాపించిన మొజాయిక్ నేలను పనివారు పరిచి, యంత్రంతో అరగదీసి మెరుపు తెచ్చేవారు. అంటే తుది రూపం ఇంకా ఇంటివద్దనే ఏర్పడేది.

1958లో హెచ్ అండ్ ఆర్ జాన్సన్ భారతదేశంలో స్థాపితమైంది. తెలుగువారి నివాసమైన యానాంలో 1980లలో రీజెన్సీ సిరామిక్స్ ఏర్పడింది. 2012 జనవరిలో అక్కడి కార్మిక వివాదం హింసగా పరిణమించి, ఒక కార్మిక నాయకుడు, సంస్థ అధ్యక్షుడు ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఉత్పత్తి చాలాకాలం నిలిచిపోయింది. నేడు దేశంలో ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ.

4. ఎంపికలో ఇమిడి ఉన్న పని

సిరామిక్ పలకల వర్గీకరణకు ముఖ్యమైన ప్రమాణం అవి పీల్చే నీటి పరిమాణం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అదిమి చేసిన పలకలలో 0.5 శాతానికి మించి నీరు పీల్చనివి అత్యంత దట్టమైన వర్గానికి చెందుతాయి. 10 శాతానికి మించి పీల్చేవి సాధారణంగా గోడలకు ఉద్దేశించినవి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 కూడా నీటి శోషణనే ఆధారంగా తీసుకుంది. దుకాణంలో పలక పైముఖం కనిపిస్తుంది. ఈ గుణం కనిపించదు.

పనివానితో ఎంపికకు ఉన్న సంబంధం ఇక్కడే తేటపడుతుంది. నీటిని పీల్చే పలక సిమెంటు పాలను కూడా కొంత పీల్చి పట్టుకుంటుంది. అందుకే అటువంటి పలకలను నీటిలో నానబెట్టి పరచడం ఆనవాయితీ అయింది. దట్టమైన విట్రిఫైడ్ టైల్‌కు ఈ పట్టు తక్కువ. దానికి ప్రత్యేకమైన జిగురు మిశ్రమం కావాలి. అటువంటి మిశ్రమాలకు ఐఎస్ 15477 అనే వేరొక ప్రమాణం 2004లో వెలువడింది. కొత్త పలకను పాత పద్ధతిలో పరిచినచోట కింద ఖాళీలు మిగిలే ప్రమాదముంది. తట్టినప్పుడు వచ్చే డొల్ల శబ్దమే దానికి గుర్తు. కాలక్రమంలో ఆ పలకలు లేచిపోవచ్చు, బరువు పడి పగలవచ్చు.

పలకలు సమానంగా ఉన్నంత మాత్రాన పని సులువు కాలేదు. బండల మధ్య ఎగుడుదిగుడు సందులు గోడల వంకరను కప్పిపుచ్చేవి. నిటారుగా సాగే టైల్ గీతలు దానిని బయటపెడతాయి. మూలమట్టంతో గది మూలలు, రసమట్టంతో నేల వాటం ముందే చూడనివాడు గది చివర సన్నని ముక్కలతో సరిపెట్టవలసి వస్తుంది. స్నానాలగదిలో నీరు తూము వైపు పారేలా వాలు ఇవ్వకపోతే ఎంత ఖరీదైన పలకైనా నిలువనీటిని ఆపలేదు.

5. కూలి, ఆరోగ్యం

నైపుణ్యం పలక కిందికి చేరడంతో అది ఇంటి యజమాని కంటికి కానరాకుండా పోయింది. చదరపు అడుగు లెక్కన ఇచ్చే కూలి వేగానికి ప్రతిఫలమిస్తుంది. అడుగు నేలను సరిచేయడానికి పట్టే సమయానికి ఇవ్వదు. పలకలను పొడిగా కోసినప్పుడు లేచే ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హానికరం. తడిపి కోయడం, ముఖానికి రక్షణ ధరించడం ఈ హానిని తగ్గిస్తాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో కేంద్ర చట్టం వచ్చింది. అయినా ఇంటింటికీ విడిగా కుదుర్చుకునే పనిలో రక్షణ చాలావరకు కుదుర్చుకునేవారి ఎరుక మీదనే ఆధారపడుతుంది.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• గచ్చు దశలో నేల మొత్తం పనివాని సృష్టి. బండ దశలో పదార్థం ప్రకృతిది, మట్టం పనివానిది. సిరామిక్ దశలో పైముఖం కర్మాగారానిది, ఆధారం పనివానిది.

• పలక నీటిని పీల్చే గుణం మారిన ప్రతిసారీ పరిచే పద్ధతి మారవలసి ఉంటుంది. కాబట్టి టైల్ ఎంపిక, పనివాని ఎంపిక ఒకే నిర్ణయంలోని రెండు భాగాలు.

• పనివానిని కుదుర్చుకునేటప్పుడు కూలి ధరకు ముందు అడుగు నేల తయారీ, వాడే మిశ్రమం, వాలు, కోసే విధానం గురించి మాట్లాడుకోవడం అవసరం. ఆ మాటలకు తగిన కూలిని కూడా ఒప్పందంలో చేర్చినప్పుడే ఆ నైపుణ్యానికి విలువ దక్కుతుంది.

నేల మన్నికను నిర్ణయించే పని నేడు పలక కింద జరుగుతున్నది. గృహనిర్మాణ చరిత్ర రచనలో రాయి, సున్నం, సిమెంటులకు లభించిన స్థానం ఆ పనికీ లభించవలసి ఉంది.