పేరులోంచి ‘ఫెయిర్’ పోయింది.. మరి క్రీం సంగతి?

2020 జూన్ 25న హిందుస్థాన్ యూనిలీవర్ ఒక ప్రకటన చేసింది. 1975 నుంచి అమ్ముతున్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోంచి ‘ఫెయిర్’ను తొలగిస్తున్నట్లు చెప్పింది. వారం తిరిగేసరికి అది ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ఇకపై అన్ని మేనిఛాయల అందాన్నీ గౌరవిస్తామన్నది కంపెనీ మాట.

అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయి అప్పటికి సరిగ్గా నెల. ఆ రోజుల్లోనే లోరియల్ కూడా ‘ఫెయిర్’, ‘వైటెనింగ్’ వంటి పదాలను వదులుకుంది. జాన్సన్ అండ్ జాన్సన్ మాత్రం మరో అడుగు వేసి, న్యూట్రోజీనా, క్లీన్ అండ్ క్లియర్ పేర్లతో అమ్ముతున్న ఫెయిర్‌నెస్ క్రీములనే ఆపేసింది. నిజాయితీని కొలవాలంటే ఈ తేడా చూడాలి. పేరు మార్చుకుంటే వ్యాపారం పోదు, సరుకు మానేస్తే పోతుంది.

మన దగ్గర అభ్యంతరాలు 2020లో మొదలైనవి కావు. నల్లగా ఉందని ఉద్యోగం రాని అమ్మాయి క్రీం రాసుకోగానే గెలిచేసే ప్రకటనలపై ఐద్వా ఏళ్ల తరబడి పోరాడింది. 2003లో ప్రభుత్వ జోక్యంతో కొన్ని ఆగిపోయాయి కూడా. 2009లో చెన్నైకి చెందిన ‘విమెన్ ఆఫ్ వర్త్’ సంస్థ ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమం మొదలుపెట్టింది. తర్వాత నటి నందితా దాస్ దానికి గొంతు కలిపారు. ముదురు రంగువారిని తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల రంగం సొంత నియంత్రణ సంస్థ ఆస్కీ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బాపై రెండు ముఖాల బొమ్మను, రంగుల కొలమానాన్ని 2019లోనే తీసేశామని యూనిలీవర్ చెబుతోంది. అది నిజమే, కానీ అప్పటికి 44 ఏళ్లు గడిచాయి.

ఇదే కంపెనీది డవ్ సబ్బు. 2004 నుంచి ‘నిజమైన అందం’ గురించి మాట్లాడుతున్న బ్రాండ్ అది. పెళ్లిచూపుల్లో అమ్మాయి రంగును, ఒడ్డూపొడుగునూ తూకం వేయడం ఆపాలంటూ 2021లో భారత్‌లో ప్రచారం చేసింది. ఆ తూకానికి దశాబ్దాలపాటు రాళ్లు అందించింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఖర్చుతో కొలిస్తే ‘ఫిదా’ నటి సాయిపల్లవి ముందుంటారు. ఫెయిర్‌నెస్ క్రీం ప్రకటన అవకాశాన్ని వదులుకున్నట్లు ఆమె 2019లో చెప్పారు. దాని విలువ రూ.2 కోట్లని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఫ్లాయిడ్ మరణానికి ముందే, 2020 ఫిబ్రవరిలో, కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పే ప్రకటనలకు తొలిసారి రెండేళ్ల వరకు జైలు, రూ.10 లక్షల వరకు జరిమానా విధించాలని అందులో ప్రతిపాదించింది. పేరు మార్పు ప్రకటన వచ్చింది ఆ తర్వాత నాలుగు నెలలకు.