ఎనుమాముల కాంటా మీద 11 శాతం

2025 ఆగస్టు 18న కేంద్ర ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని తీసేసింది. మినహాయింపు మరునాటి నుంచి సెప్టెంబరు 30 దాకా అని ముందు చెప్పి, ఆగస్టు 28న ఆ గడువును డిసెంబరు 31కి పొడిగించింది. దానికి ఒక్కరోజు ముందే భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసింది. అప్పటికి వరంగల్ జిల్లాలో పత్తి చేలు ఇంకా పూత, కాయ మీదే ఉన్నాయి. అక్కడి ఎనుమాముల మార్కెట్ యార్డుకు కొత్త పత్తి వచ్చేది దసరా నుంచి. అంటే పెంచిన గడువు రైతు అమ్ముకునే నెలల మీదే వచ్చి పడింది.

అమెరికాను మెప్పించడానికి పత్తి రైతును బలిపెట్టారనీ, అందుకే ధర పడిందనీ ఆ సీజనంతా వినబడింది. ఇందులో రెండు వాదనలు కలిసిపోయి ఉన్నాయి. రెండింటికీ ఒకే సాక్ష్యం చాలదు కాబట్టి విడదీసి చూడాలి.

మొదటి వాదనకు బలం తేదీల్లో ఉంది. 50 శాతం సుంకం అమల్లోకి వచ్చిన మర్నాడే గడువు పెంచడాన్ని యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. అయితే ఈ మినహాయింపు అమెరికా పత్తికి మాత్రమే ఇచ్చింది కాదు, బ్రెజిల్‌కూ ఆఫ్రికా దేశాలకూ అంతే వర్తించింది. ఆస్ట్రేలియాకైతే 2022 చివర అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద కొంత కోటాకు అంతకుముందే సుంకం లేదు. పైగా అమెరికాతో ఏ తగవూ లేని 2022లోనూ ఏప్రిల్ నుంచి కొన్ని నెలలు ఇదే సుంకాన్ని ఎత్తేశారు. ఎత్తేయమని జౌళి మిల్లులు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. మన బట్టలకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. అక్కడ దెబ్బ తగిలినప్పుడు మిల్లులకు ముడిసరుకు చవక చేయాలనుకున్నారని చెప్పడానికి ఆధారాలు సరిపోతాయి. వాషింగ్టన్‌కు ఇచ్చిన కానుక అనడానికి మాత్రం ఇంతవరకు కనిపించినవి సరిపోవు.

రెండో వాదనను లెక్క వేసి చూడవచ్చు. ఆ రోజుల్లో న్యూయార్క్ మార్కెట్లో పౌను దూది 66 సెంట్ల చుట్టూ తిరిగింది. డాలరు 87.5 రూపాయలనుకుంటే కిలో దూది సుమారు 127 రూపాయలు. దాని మీద 11 శాతమంటే 14. క్వింటా పత్తిని జిన్నింగ్‌లో ఆడిస్తే వచ్చే దూది 34 కిలోలకు అటూ ఇటూ. కాబట్టి సుంకం పోయినందువల్ల క్వింటాకు తగ్గగల గరిష్ఠ మొత్తం 475 రూపాయలు, ఓడ కిరాయి కలిపితే 500 చుట్టూ. నిజంగా తగ్గింది అంతకంటే తక్కువే కావచ్చు. నోటిఫికేషన్ వచ్చిన వెంటనే భారత పత్తి సంస్థ, అంటే మన సీసీఐ, 356 కిలోల క్యాండీ దూది అమ్మకపు ధరను సుమారు 1,100 రూపాయలు తగ్గించింది. దాన్ని పత్తి లెక్కలోకి మారిస్తే క్వింటాకు 105 రూపాయలు.

ఇప్పుడు దీన్ని మద్దతు ధరతో పోల్చి చూద్దాం. 2025-26కు పొడవు పింజ పత్తికి అది క్వింటాకు 8,110 రూపాయలు. ప్రపంచ ధరకు 34 కిలోల దూది విలువ సుమారు 4,300. తక్కినదంతా గింజ మీద రావాలంటే గింజ కిలో 60 రూపాయల దరిదాపుల్లో పలకాలి, అంత పలకదు. సుంకం ఉన్నా, లేకున్నా ప్రైవేటు వ్యాపారి 8,110 పెట్టే పరిస్థితి ఆ ఏడు లేదు. మద్దతు ధరకూ ప్రైవేటు ధరకూ తేడా 500 దాటిందంటే, దాటిన ప్రతి రూపాయికీ కారణాన్ని వేరేచోట వెతకాలి.

ఆ 66 సెంట్లు కూడా దానంతటది తేలిన ధర కాదని గుర్తుంచుకోవాలి. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు ప్రపంచ ధరను అణగదొక్కుతున్నాయని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచింది. 2014లో 30 కోట్ల డాలర్లు పుచ్చుకుని రాజీపడింది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003 నుంచి అదే మొర పెట్టుకుంటున్నాయి. సుంకం గురించి జరిగినంత చర్చ ఈ మూలం గురించి మన దగ్గర జరగకపోవడం నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

ఇక ఆ తేడాకు కారణం వేరేచోట వెతకాలన్నప్పుడు ముందు చూడాల్సింది తేమ మీటరు. తేమ 8 శాతం దాటాక సీసీఐ ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయలు కోస్తుంది. 12 దాటితే అసలు కొనదు. అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్‌ను ముంచెత్తింది. పగిలిన కాయలో దూది నానిపోయాక పత్తి 12 శాతానికి దిగాలంటే రోజుల తరబడి ఎండ కాయాలి. ఆరబెట్టుకోను కల్లం లేనివాళ్లు వచ్చిన ధరకు అమ్ముకుంటారు. ఆ సీజన్‌లోనే సీసీఐకి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలన్న నిబంధన, ఎకరాకు 7 క్వింటాళ్ల పరిమితి కూడా వచ్చి చేరాయి. ఈ వడపోతలన్నీ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు పడిన ధరంతా సుంకం ఖాతాలో రాయడం సరికాదు.

అలాగని సుంకాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పత్తి సీసీఐకి అమ్మగలిగిన రైతు విషయంలో ఆ భారాన్ని ఖజానా మోసింది. అమ్మలేని రైతు మీద అది నేరుగా పడింది. వరంగల్‌కు ఉన్న ప్రయోజనం ఒక్కటే కాకపోవడం మరో చిక్కు. ఎనుమాములకు దగ్గర్లోనే గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. అక్కడికి వచ్చిన కేరళ కంపెనీ కిటెక్స్ పసిపిల్లల బట్టలు కుడుతుంది, దాని ప్రధాన మార్కెట్టు అమెరికా. అక్కడ మిషను మీద కూర్చునే అమ్మాయికి కావలసింది అమెరికా ఆర్డరు. ఆమె తండ్రి పత్తి రైతైతే ఆయనకు కావలసింది ధర. విదేశాంగ విధానం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండవచ్చని మరవకూడదు.

సీసీఐ గేటు దాటడం అందరికంటే కష్టం కౌలు రైతుకు. పాసుపుస్తకం భూయజమాని పేరున ఉంటుంది, ఆయన సహకరిస్తేనే యాప్‌లో నమోదు. ఐదెకరాలు కౌలుకు చేసి నలభై క్వింటాళ్లు తీసి, బయట అమ్ముకున్న రైతునే తీసుకుందాం. సీసీఐ తగ్గింపు లెక్కన చూస్తే ఆయన కోల్పోయింది 4,200 రూపాయలు. సుంకం తీసివేత ప్రభావం పూర్తిగా పడి ఉంటే 20,000. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.