కొండ ఎక్కలేనమ్మ మొక్కు

దీర్ఘవ్యాధి: పూర్తిగా నయం కాదు, వెంటనే ప్రాణమూ తీయదు. కిడ్నీలు పాడైతే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. కూలికి పోయే ఆడమనిషికి ఆ రోజుల కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్లదీ పోతుంది. ఇన్నాళ్లూ ఇల్లు మోసినామె తానే బరువయ్యానని కుమిలిపోతుంది.

బంధం: ఆపదలో బిడ్డ తల్లిని వెతుక్కుంటుందని, పెద్దయ్యాక కూడా మనిషికి ఆ అవసరం పోదని మనోవైద్యుడు జాన్ బౌల్బీ వివరించాడు. ఇంటందరికీ దిక్కైన తల్లికే జబ్బు చేస్తే? అడగటం ఆమెకు అలవాటు లేదు. నొప్పి దాచుకుని అన్నం వడ్డిస్తుంది.

ముందస్తు దుఃఖం: 1944లో మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ రాసిన వ్యాసంలో ఒక సైనికుడి భార్య ఉంది. భర్త చచ్చిపోతాడని ముందే ఏడ్చి ముగించుకుంది. అతను బతికొచ్చేసరికి ఆమెలో ప్రేమ మిగల్లేదు. కారంపూడి వీరుల నేలకు ఈ వేదన తెలియనిది కాదు. భర్త బాలచంద్రుణ్ణి పల్నాటి యుద్ధానికి సాగనంపిన మాంచాల తెగువను ఇక్కడ తరతరాలుగా పాడుతున్నారు, అప్పుడు ఆమె పడ్డ బాధను అంతగా తలచుకోరు. జబ్బు మనిషిది మరో రకం కోత: పోయేదీ తనే, ఏడ్చేదీ తనే. చావు గురించే కాదు, కూతురి జడ అల్లలేని వేళ్ల గురించి, చూడలేనేమోననుకునే పెళ్లి గురించి కూడా. “నాకేమన్నా అయితే పిల్లలెట్టా?” అంటే, “అట్టాంటి మాటలనమాక, కోటయ్య సామి చూసుకుంటాడు” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో ఆమె ఒంటరిదవుతుంది.

నమ్మకం: ఆ కోటయ్య శివుడే; ఆయన కథే చూడండి. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ స్థలపురాణంలో గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి పూజ చేసేది. కడుపుతో ఉన్నప్పుడు ఇక ఎక్కలేనని, కిందికి రమ్మని స్వామినే అడిగింది. ఒంట్లో శక్తి లేదని చెప్పడాన్ని స్వామి భక్తిలోపంగా ఎంచలేదు. ఆమె వెంట బయలుదేరాడు. వెనక్కి తిరిగి చూడొద్దన్న మాట ఆమె తప్పినచోట, బ్రహ్మశిఖరం మీద, నిలిచిపోయాడంటారు. మొక్కుకుంటూనే భయం చెప్పుకోవచ్చని ఈ కథ నాకు గట్టిగా చెబుతుంది. మందులూ ముడుపులూ రెండూ సాగనివ్వండి. పొలం కాగితాలు ఎక్కడ పెట్టిందో, చిన్నదాని చదువు ఎవరికి అప్పజెప్పాలనుకుంటోందో జబ్బుపడ్డ తల్లి చెప్పబోతే పక్కన కూర్చుని చివరిదాకా వినండి.